ఇడియమ్స్ బట్టీ పట్టకు తమ్ముడూ, ముందు చెవులు తెరువు

తమ్ముడు అడిగింది చాలా పొడుగ్గా ఉంది, తర్వాత చదివేవాళ్ళ కోసం కుదించి చెప్తాను. కల్వకుర్తి దగ్గర పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ అయిపోయింది, ఇప్పుడు హైదరాబాద్‌లో రూమ్ తీసుకుని ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడు. ఎవరో పంపిన రెండు వందల ఇంగ్లీష్ ఇడియమ్స్ పీడీఎఫ్‌ను రోజుకు పది చొప్పున బట్టీ పడుతున్నాడు. పోయిన వారం ఇంటర్వ్యూలో మేడమ్ మాట కలపడానికి "బయట వాన పడుతోందా" అని అడిగితే మనోడు టక్కున "ఇట్ ఈజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ మేడమ్" అన్నాడట. ఆమె నవ్విందట. బయట పడుతున్నది చొక్కా కూడా తడవని తుంపర. "నేనేం తప్పు మాట్లాడాను అన్నా? ఇంకా ఏవేవి నేర్చుకోవాలి, అర్థాలతో చెప్పండి" అని ప్రశ్న. చివర్లో ఇంకో ముక్క కూడా ఉంది, దోస్తు ఒకడు వాట్సాప్‌లో "బ్రేక్ ఎ లెగ్" అని పెట్టాడట, అది తిట్టా కాదా అని. దానికి తర్వాత వస్తాను.

మాది దేవరకొండ వైపు. నేనూ తెలుగు మీడియమే. హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో ఏడేళ్ళు రాత్రిళ్ళు కూర్చుని అమెరికా వాళ్ళ ఫోన్లు ఎత్తాను, ఆ తర్వాత పన్నెండేళ్ళుగా నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ చెప్తున్నాను. కాబట్టి ఆ పీడీఎఫ్ ఎట్లా ఉంటుందో చూడకుండానే చెప్పగలను. మొదటి పేజీలో క్యాట్స్ అండ్ డాగ్స్, ఆ కిందనే కిక్ ద బకెట్, పీస్ ఆఫ్ కేక్, యాపిల్ ఆఫ్ డిస్‌కార్డ్, బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్. అవునా కాదా?

ముందు ఆ పిల్లులు, కుక్కల సంగతి తేల్చేద్దాం. ఏడేళ్ళలో వేల మందితో మాట్లాడాను, అందులో వాన గురించి చెప్పినవాళ్ళు కూడా బోలెడు మంది ఉన్నారు, తుఫాను వచ్చి కరెంట్ పోయిందనే చాలామంది ఫోన్ చేసేది. ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. "ఇట్స్ పోరింగ్" అంటారు, అంతే. మనం "కుండపోతగా పడుతోంది" అన్నట్టు. జొనాథన్ స్విఫ్ట్ అనే ఐర్లండ్ రచయిత 1738లో ఒక వెక్కిరింపు పుస్తకం అచ్చేశాడు. పెద్దింటి వాళ్ళు నలుగురు కూర్చుంటే ఎంత అరిగిపోయిన మాటలు మాట్లాడుకుంటారో చూపించడానికి ఆ మాటలన్నీ పోగేసి సంభాషణలుగా రాశాడు. అందులో ఉంది ఈ వాన. అంటే దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటే అది నవ్వులపాలైన మాట. ఆ మేడమ్ నవ్వడంలో వింతేముంది? పైగా పడుతున్నది తుంపర.

దీనికి ఇంకో కథ కూడా నీ పీడీఎఫ్‌లో ఉండే ఉంటుంది. పాతకాలంలో ఇంగ్లాండ్‌లో గడ్డి కప్పు ఇళ్ళ మీద పిల్లులు, కుక్కలు పడుకునేవట, పెద్ద వాన వస్తే జారి కింద పడేవట, అందుకని ఆ మాట వచ్చిందట. అది 1999 ప్రాంతంలో ఈమెయిళ్ళలో తిరిగిన కట్టుకథ. మనూళ్ళో గుడిసె కప్పు ఎక్కి పడుకున్న కుక్కను నువ్వెప్పుడైనా చూశావా? వానొస్తే ఏ జంతువైనా చూరు కిందికి దూరుతుంది గానీ పైకెక్కుతుందా? ఇడియమ్స్ పుట్టుక గురించి చెప్పే కథల్లో సగం ఇట్లాంటివే. ఎంత ముచ్చటగా ఉంటే అంత అనుమానపడు. "సేవ్డ్ బై ద బెల్" అనే మాటకు కూడా ఇట్లనే శవపేటికలో గంట కట్టేవాళ్ళని, బతికున్నవాణ్ణి పొరపాటున పాతిపెడితే మోగిస్తాడని భయంకరమైన కథ ఒకటి తిరుగుతుంది. అది బాక్సింగ్ మాట. దెబ్బలు తిని పడిపోబోతున్నవాడు రౌండ్ అయిపోయిన గంట మోగడంతో బతికిపోతాడు. అంతే.

ఇక అసలు మాట. ఇడియమ్స్ వాడటానికని నేర్చుకోకు, ఎదుటివాడు అన్నప్పుడు బిక్కమొహం వేయకుండా ఉండటానికి నేర్చుకో. నువ్వు మాట్లాడేటప్పుడు ఒక్క ఇడియం వాడకపోయినా ఎవరూ నిన్ను తక్కువ చేయరు. సాదా ఇంగ్లీష్, చిన్న వాక్యాలు, చాలు. కానీ వాళ్ళు అన్నది నీకు అర్థం కాకపోతే మాత్రం ఉద్యోగం పోతుంది. నాకు కొంచెంలో పోయేది.

కాల్ సెంటర్‌లో రెండో వారం. ఒకాయన ఫోన్ చేసి మెషిన్ రిపేరుకు ఎంతవుతుందని అడుగుతూ "జస్ట్ గివ్ మీ ఎ బాల్‌పార్క్" అన్నాడు. నాకు బాల్ తెలుసు, పార్క్ తెలుసు. రెండూ కలిపితే ఏమవుతుందో తెలియదు. దగ్గర్లో ఉన్న పార్కు దగ్గరికి మనిషిని పంపమంటున్నాడేమో అనుకుని "విచ్ పార్క్ సర్?" అన్నాను. అవతల నిశ్శబ్దం. మళ్ళీ గట్టిగా, ఒక్కో ముక్క విరిచి, "బాల్. పార్క్. ఫిగర్" అన్నాడు. నేను హోల్డ్‌లో పెట్టి టీమ్ లీడర్ దగ్గరికి పరుగెత్తాను. ఆమె పడీపడీ నవ్వి చెప్పింది, బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ ఆడే మైదానం, బాల్‌పార్క్ ఫిగర్ అంటే అందాజ లెక్క అని. మనూళ్ళో మేస్త్రీని "అందాజగా ఎంతైతది" అని అడుగుతాం చూడు, ముమ్మూర్తులా అదే. ఆ నెల నా కాల్ రికార్డింగ్ ట్రైనింగ్ రూమ్‌లో కొత్త బ్యాచ్‌కు వినిపించారు, పేరు తీసేసి. నా గొంతు నేను గుర్తుపట్టనా?

అప్పటినుంచి ఒక విషయం పట్టుకున్నాను. అమెరికా వాళ్ళ మాటల్లో సగం బేస్‌బాల్ నుంచి వస్తాయి, బ్రిటిష్ వాళ్ళవి కొన్ని క్రికెట్ నుంచి వస్తాయి. మనకు బేస్‌బాల్ తెలియదు, అందుకే అవి గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వస్తాయి. "టచ్ బేస్" అంటే ఒకసారి మాట్లాడుకుందాం, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుందాం అని. "కర్వ్‌బాల్" అంటే ఊహించని మెలిక, మనం "గూగ్లీ వేశాడు" అంటామే, అది. "స్టెప్ అప్ టు ద ప్లేట్" అంటే బాధ్యత మీదేసుకుని ముందుకు రావడం, బ్యాట్ పట్టుకుని నిలబడే చోటును వాళ్ళు ప్లేట్ అంటారు. కంచం కాదు! "రెయిన్ చెక్" అని ఇంకొకటి ఉంది. 1880ల్లో అమెరికాలో వానొచ్చి బేస్‌బాల్ ఆట ఆగిపోతే, ఇంకో రోజు వచ్చి చూసేందుకు చీటీ ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు "కాఫీకి వస్తావా" అంటే "కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్" అంటారు, ఇవాళ కుదరదు, ఇంకోసారి వస్తా అని. వాన పడుతోందేమో చూసొస్తానని అంటున్నాడనుకుని మన పిల్లగాడొకడు కిటికీ వైపు చూశాడు, నా కళ్ళముందే జరిగింది.

క్రికెట్ మాటలు మనకు తేలిక అనుకుంటాం గానీ అక్కడా ఒక తిరకాసు ఉంది. "నాక్డ్ ఫర్ సిక్స్" అని బ్రిటన్ వాళ్ళు అంటే సిక్సర్ కొట్టినంత సంబరం అనుకోకు. అక్కడ మనిషి బంతి. ఎవరో ఎత్తి బౌండరీ బయట పడేసినట్టు దిమ్మతిరిగిపోయాడని అర్థం. చావు కబురు విన్నప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు వాడతారు. "స్టికీ వికెట్" అంటే ఇరకాటం. పూర్వం పిచ్‌ను కప్పేవాళ్ళు కాదు, వాన పడి ఎండ కాసి ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో బ్యాట్స్‌మన్‌కు తెలిసేది కాదు. ఈ రెండూ అమెరికా వాడి దగ్గర అంటే వాడు నీ మొహం చూస్తాడు, మనం బాల్‌పార్క్ దగ్గర చూసినట్టు.

ఒకే మాట రెండు దేశాల్లో ఎదురెదురుగా నిలబడటం కూడా ఉంది. "టేబుల్ ద మ్యాటర్" అంటే బ్రిటిష్ వాళ్ళకు ఆ విషయం చర్చకు పెట్టడం, అమెరికా వాళ్ళకు పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల అధికారులు ఒకే మీటింగులో ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ తన యుద్ధకాలపు జ్ఞాపకాల్లో రాశాడు. వాళ్ళలో వాళ్ళకే ఇంత లొల్లి ఉంటే నీకూ నాకూ సిగ్గెందుకు?

ఇప్పుడు నీకు నిజంగా పనికొచ్చేవి, ఇంటర్వ్యూ గదిలో నీ చెవిన పడేవి. "వాక్ మీ త్రూ యువర్ రెజ్యూమే" అంటారు. నా స్టూడెంట్ ఒకమ్మాయి లేచి నిలబడిందట! నీ బయోడేటాలో ఉన్నది మొదటినుంచి వరుసగా చెప్పుకుంటూ రా అని దానర్థం. "వాట్ డు యూ బ్రింగ్ టు ద టేబుల్" అంటే నిన్ను తీసుకుంటే మాకేం ఒరుగుతుంది అని. అది కాస్త మర్యాదగా అడగడం. "కెన్ యూ థింక్ ఆన్ యువర్ ఫీట్" అంటే ముందే తయారుకాకుండా అప్పటికప్పుడు బుర్ర పెట్టి పని నడిపించగలవా అని. దానికి "యెస్" అని ఊరుకోకు, అట్లా చేసిన సందర్భం ఒకటి చెప్పు, మీ ఊళ్ళో బోనాల పండగకు మైక్ సెట్ చెడిపోతే ఏం చేశావో అదైనా సరే. "హిట్ ద గ్రౌండ్ రన్నింగ్" అంటే చేరిన మొదటి రోజు నుంచే పని అందుకోవాలి, నేర్పే తీరిక మాకు లేదు అని. "లర్న్ ద రోప్స్" దానికి పూర్తిగా ఎదురు, నిదానంగా పని నేర్చుకోవడం. తెరచాప ఓడల్లో కొత్తగా చేరినవాడికి ముందు ఏ తాడు దేనికో నేర్పేవాళ్ళు, ఆ తాళ్ళే ఇవి. "వేర్ మెనీ హ్యాట్స్" అని చిన్న కంపెనీ వాళ్ళు అంటారు, ఒకే మనిషి నాలుగు రకాల పనులు చేయాలని. జీతం మాత్రం ఒకటే, అది వాళ్ళు చెప్పరు. జీతం మాటొచ్చినప్పుడు "బాల్‌పార్క్" అంటే ఇప్పుడు నీకు తెలుసు. "ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్" అంటే మేం చెప్పాల్సింది చెప్పాం, ఇక నువ్వు తేల్చాలి. "వీ విల్ కీప్ యూ పోస్టెడ్" అంటే ఎప్పటికప్పుడు తెలియజేస్తాం అని, పోస్టులో ఉత్తరం కోసం ఎదురుచూడకు. "వీ విల్ గెట్ బ్యాక్ టు యూ" అంటే ఏమిటో నీకు ఇప్పటికే అనుభవం అయ్యుంటుంది, దానికి అర్థం రాయను.

ఇడియమ్స్ కన్నా కూడా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి చిన్న చిన్న మాటలు. వీటిని ఏ పీడీఎఫ్ పట్టించుకోదు, ఎందుకంటే అందులో పిల్లీ లేదు, కేకూ లేదు. "ఐ యామ్ అఫ్రెయిడ్ వీ కాంట్ డు దట్" అని మొదటిసారి విన్నప్పుడు ఆవిడ దేనికో భయపడుతోందనుకున్నాను. "క్షమించాలి, అది కుదరదు" అనడానికి అది మర్యాద మాట. "ఐ యామ్ గుడ్" ఇంకా మోసం చేస్తుంది. చాయ్ తాగుతావా అంటే "ఐ యామ్ గుడ్" అన్నాడంటే వద్దన్నాడని. నేను మంచివాణ్ణి అని చెప్పుకోవడం లేదు. "బేర్ విత్ మీ" అంటే కాస్త ఓపిక పట్టండి, కంప్యూటర్ నెమ్మదిగా ఉంది అనేచోట వాడతారు, మేం రోజుకు యాభై సార్లు అనేవాళ్ళం. "మే ఐ ఆస్క్ యూ సమ్‌థింగ్" అని అడిగితే అవతలివాడు "షూట్" అంటాడు. కాల్చమని కాదు, అడుగు అని. "టెల్ మీ అబౌట్ ఇట్" అని ఎవరైనా అంటే వివరంగా చెప్పడం మొదలుపెట్టకు, చాలాసార్లు దానర్థం "నాకు చెప్తున్నావా, ఆ బాధ నాకు తెలియదా" అని. గొంతు చూసి పోల్చుకోవాలి. "యూ కెన్ సే దట్ అగైన్" అన్నా అంతే, మళ్ళీ చెప్పకు. నువ్వన్నది నూటికి నూరుపాళ్ళు నిజం అని ఒప్పుకుంటున్నాడు. "హౌ ఆర్ యూ" అంటే నిన్న జ్వరం వచ్చిందని చెప్పాల్సిన పనిలేదు. మనం దారిలో ఎదురైతే "ఏం పెద్దనాయనా, తిన్నవా" అంటాం కదా, తిన్నాడా లేదా అన్నది ఎవరికి కావాలి? పలకరింపు అది. "ఐ విల్ లెట్ యూ గో" అని ఫోన్లో అంటే నిన్ను వదిలేస్తున్నా అని కాదు, ఇక పెట్టేద్దామని పద్ధతిగా చెప్పడం.

"క్వైట్ గుడ్" దగ్గర జర చూసుకో. అమెరికా మేనేజర్ అంటే సంతోషించు. బ్రిటన్ మేనేజర్ అంటే చాలాసార్లు "ఫరవాలేదు, అంత గొప్పగా ఏం లేదు" అని.

ఇక మన తెలుగు మనకు చేసే మేలు, చేసే అన్యాయం. మేలు ఏమిటంటే, చాలా ఇడియమ్స్‌కు మన దగ్గర అచ్చుగుద్దినట్టు జోడీ ఉంటుంది, కొత్తగా బట్టీ పట్టక్కర్లేదు. "అవుట్ ఆఫ్ ద ఫ్రయింగ్ ప్యాన్ ఇన్‌టు ద ఫైర్" అంటే పెనం మీంచి పొయ్యిలో పడటం. "మేక్ ఎ మౌంటెన్ అవుట్ ఆఫ్ ఎ మోల్‌హిల్" అంటే గోరంతలు కొండంతలు చేయడం. "ఎ బ్యాడ్ వర్క్‌మన్ బ్లేమ్స్ హిజ్ టూల్స్" అంటే ఆడలేక మద్దెల ఓడనడం, "ద పాట్ కాలింగ్ ద కెటిల్ బ్లాక్" అంటే గురివింద గింజ సామెత. "ఎ డ్రాప్ ఇన్ ద ఓషన్" అంటే సముద్రంలో కాకిరెట్ట, మనదే ఇంకా బాగుంది. మొసలి కన్నీరు, తెల్ల ఏనుగు, టీ కప్పులో తుఫాను లాంటివి పత్రికల్లో రోజూ చదువుతుంటాం, మనకు అలవాటైపోయినవే. వీటిలో నాకు బాగా నచ్చేది "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్". ఎప్పుడో అరుదుగా అని. ఈ రోజుల్లో ఒకే నెలలో రెండు పున్నములు వస్తే రెండోదాన్ని బ్లూ మూన్ అంటున్నారు, అది దాదాపు రెండున్నరేళ్ళకోసారి వస్తుంది, 2023 ఆగస్టులో వచ్చింది. చంద్రుడు నీలంగా ఏం ఉండడు. ఆ లెక్క కూడా 1946లో అమెరికాలో ఒక ఖగోళ పత్రికలో పొరపాటుగా రాసిన వ్యాసం వల్ల స్థిరపడింది, అసలు మాట అంతకుముందు నుంచే ఉంది. మనం అదే అర్థానికి "అమావాస్యకో పున్నానికో" అంటాం. లెక్కేస్తే మనది పదిహేను రోజులకోసారి! మా అమ్మ నన్ను "అమాసకో పున్నానికో ఇంటికొస్తవ్" అని తిట్టేది, నిజానికి నేను బ్లూ మూన్ లెక్కనే వెళ్ళేవాణ్ణి.

అన్యాయం ఎక్కడంటే, తెలుగు నుడికారాన్ని ముక్కకు ముక్క ఇంగ్లీష్ చేసినప్పుడు. "వాడు నాకు చేయిచ్చాడు" అంటే నమ్మించి ముంచాడని మనకు. "హీ గేవ్ మీ ఎ హ్యాండ్" అంటే సాయం చేశాడని వాళ్ళకు. పూర్తిగా తలకిందులు. మా స్టూడెంట్ ఒకడు డబ్బులు ఎగ్గొట్టిన దోస్తు గురించి వ్యాసంలో ఈ మాటే రాశాడు, చదివితే ఆ దోస్తుకు సన్మానం చేస్తున్నట్టుంది. "పుల్లింగ్ మై లెగ్" అంటే ఆట పట్టించడం, సరదా. మనం "పైకొస్తుంటే కాళ్ళు పట్టి లాగుతున్నారు" అంటే అది పగ. "మై స్టమక్ ఈజ్ బర్నింగ్" అన్నావంటే వాళ్ళు నీకు గ్యాస్ మాత్ర ఇస్తారు, నీ కడుపుమంట వాళ్ళకు తెలియదు. "టేక్ ఇట్ లైట్" హైదరాబాద్ దాటితే చెల్లదు. లైట్ తీస్కో అని మనం అనుకుంటాం, వాళ్ళు "డోంట్ వర్రీ అబౌట్ ఇట్" అంటారు. "హీ ఈజ్ ఈటింగ్ మై హెడ్" అన్నది మనదేశంలో అందరికీ అర్థమవుతుంది, న్యూయార్క్‌లో ఎవరైనా వింటే పోలీసులకు ఫోన్ చేస్తారు.

అట్లాగని మన ఇండియా ఇంగ్లీష్ అంతా తప్పని చెప్పే ట్రైనర్లంటే నాకు చిరాకు. "కైండ్లీ డు ద నీడ్‌ఫుల్" తప్పు కాదు. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళే ఆఫీసు ఉత్తరాల్లో రాసిన మాట, వాళ్ళు వదిలేశారు, మనం దాచుకున్నాం. తహసీల్ ఆఫీసుకు అర్జీ రాస్తే హాయిగా వాడు. అమెరికా క్లయింట్‌కు మెయిల్‌లో వాడితే వాడికి ఏం చేయాలో అర్థం కాదు, కావాల్సిన పని ఏమిటో విడమర్చి రాయి. "అవుట్ ఆఫ్ స్టేషన్" కూడా అంతే. స్టేషన్ అంటే తెల్లదొర పోస్టింగ్ ఉన్న ఊరు, బస్ స్టేషన్ కాదు, దొర ఊళ్ళో లేడని ఆ మాట. "ప్రీపోన్" అంటే అనుకున్న రోజు కన్నా ముందుకు జరపడం, మనవాళ్ళు బాగా వాడే మాట, నాకు చాలా ఇష్టం, ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ కూడా ఇండియన్ ఇంగ్లీష్ అని చెప్పి చేర్చుకుంది. కానీ ఇండియా దాటితే చాలామందికి తెలియదు. "ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకు ప్రశ్న ఉందని, వాళ్ళకు నీ మాట మీద నమ్మకం లేదని. "ఐ హావ్ ఎ క్వెశ్చన్" అను. ఒక్కటి మాత్రం ఇవాళే మానెయ్. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023". బయటి దేశం వాళ్ళు దాన్ని 2023లో స్పృహ తప్పి పడిపోయాను అని వింటారు. "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023" చాలు. "మైసెల్ఫ్ ఫలానా" అని పరిచయం మొదలుపెట్టడం కూడా ఆపు, "ఐ యామ్ ఫలానా" అనడానికి ఖర్చేం కాదు.

ఎట్లా నేర్చుకోవాలి అంటావా. నేను చేసింది చెప్తాను. జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి ఉండేది. కొత్త మాట వినగానే అర్థం కన్నా ముందు ఎవరన్నారు, ఏ పనిలో అన్నారు, కోపంగానా నవ్వుతూనా అన్నది రాసేవాణ్ణి, తెలుగులోనే. షిఫ్ట్ అయ్యాక అర్థం వెతికేవాణ్ణి. ఒకే మాట ముగ్గురు వేర్వేరు మనుషుల నోట వినేదాకా నా నోటితో అనేవాణ్ణి కాదు, ఇప్పటికీ అదే లెక్క. నీకు ఫోన్‌లో కేంబ్రిడ్జ్ డిక్షనరీ ఉచితంగా దొరుకుతుంది, అందులో మాట పక్కన ఇది పాతబడింది, ఇది సరదా మాట, ఇది అమెరికాది, ఇది బ్రిటన్‌ది అని గుర్తులు ఉంటాయి. అర్థం చూసి ఆగిపోకు, ఆ గుర్తు చూడు. "కిక్ ద బకెట్" అర్థం చచ్చిపోవడం అని ఏ పీడీఎఫ్ అయినా చెప్తుంది, కానీ అది "బాల్చీ తన్నేశాడు" లాంటి మోటు మాట అని చెప్పదు. మేనేజర్ తండ్రి పోతే ఆ మాట అన్నావనుకో! అక్కడ "పాస్డ్ అవే" అనాలి, మనం "పెద్దాయన కాలం చేశారు" అన్నట్టు. క్రికెట్ చూస్తావు కదా, తెలుగు కామెంటరీ ఒక ఇన్నింగ్స్, ఇంగ్లీష్ కామెంటరీ ఒక ఇన్నింగ్స్ విను. ఆట నీకు ముందే తెలుసు కాబట్టి మాట దానంతటదే అంటుకుంటుంది. నేను కందీలు ముందు కూర్చుని చదివినవాణ్ణి, "బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్" అంటే అర్ధరాత్రి దాకా కూర్చుని చదవడం, నాకు అది ఇడియం కాదు, ఇంట్లో గ్యాస్‌నూనె అయిపోయి అమ్మ చేసిన లొల్లి. నీకు ఫోన్ ఉంది, వాడుకో.

ఇంటర్వ్యూలో ఎవరైనా అన్నది అర్థం కాకపోతే తల ఊపకు. మనవాళ్ళకు ఉన్న పెద్ద జబ్బు ఇదే, నాకూ ఉండేది. "సారీ, ఐ హావెంట్ హర్డ్ దట్ ఫ్రేజ్ బిఫోర్, వాట్ డు యూ మీన్?" అని అడుగు. నేను ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నప్పుడు ఇట్లా అడిగిన పిల్లలకు ఒక మార్కు ఎక్కువే వేశాను, తల ఊపి ఆ తర్వాత వేరే ఏదో జవాబు చెప్పినవాళ్ళకు వేయలేదు.

బ్రేక్ ఎ లెగ్ సంగతి. తిట్టు కాదు. నాటకాల వాళ్ళ మాట అది. స్టేజీ ఎక్కబోయేవాడికి "గుడ్ లక్" అంటే అచ్చిరాదని వాళ్ళ నమ్మకం, అందుకని కావాలని ఎదురు మాట అంటారు, కాలు విరగ్గొట్టుకో అని. ముద్దొచ్చే పిల్ల బుగ్గకు దిష్టిచుక్క పెట్టి కావాలని కాస్త వికారం చేస్తారు కదా మన ఆడవాళ్ళు, ఇంచుమించు ఆ లెక్కే. నీ దోస్తు నీ మేలు కోరే పెట్టాడు. గురువారం ఇంకో ఇంటర్వ్యూ ఉందన్నావు, పోట్లాట పెట్టుకుని ఉంటే వెళ్ళేముందే వాడికి ఫోన్ చేసి మాట్లాడు. ఆ పీడీఎఫ్ మాత్రం వాడికి ఫార్వర్డ్ చేయకు.